ఆరువందల లెన్సూ, నాన్నగారి పీఎఫూ

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. సూళ్లూరుపేట దగ్గర ఉంటాను. పక్షుల ఫొటోలు తీయడం, నీటిరంగుల బొమ్మలు వేయడమే పన్నెండేళ్లుగా బతుకుతెరువు. పోయిన ఏడాది 9.40 లక్షలు వచ్చాయి. దూరంగా ఉన్న పక్షులను తక్కువ వెలుతురులోనూ తీయగల 600 ఎంఎం ఎఫ్ 4 లెన్సు కొనాలని ఉంది. ధర 11 లక్షలు. బ్యాంకు 14 శాతం మీద అయిదేళ్లకు పర్సనల్ లోన్ ఇస్తానంటోంది. ఆర్టీసీలో రిటైరైన మా నాన్నగారేమో ‘వాళ్లకు వడ్డీ ఎందుకురా, నా పీఎఫ్ డబ్బు తీసుకో’ అంటున్నారు. ఏది మేలు? ఇంకొకటి. ఒక రిసార్టుకు 40 వేలకు ఇచ్చిన ఫొటోలు ఇప్పుడు వాళ్లు అమ్మే క్యాలెండర్ల మీద, కప్పుల మీద కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని వాళ్ల కోసం వెళ్లి తీసినవి, కొన్ని నా పాత ఫొటోలు. డబ్బు అడగొచ్చా? నా జమాఖర్చుల కాగితం కూడా పంపుతున్నాను.

జవాబు: లోనూ వద్దు, నాన్నగారి డబ్బూ వద్దు. ఎందుకో మీరు పంపిన లెక్కల కాగితమే చెబుతోంది.

9.40 లక్షలంటే నెలకు 78 వేలు. మీ ఇంట్లో అందరి మనసులో ఉన్న అంకె అదే అయుంటుంది. అందులో ప్రయాణాలు, సఫారీలు, పడవలు, పర్మిట్లకు 3.10 లక్షలు పోయాయి. ఫ్రేములు, కాగితం, కొరియరుకు 80 వేలు. రిపేర్లు, హార్డ్ డిస్కులకు 60 వేలు. మిగిలింది 4.90 లక్షలు. మీరు రాయని ఖర్చు ఇంకొకటుంది. మీ దగ్గర ఇప్పుడున్న కెమెరా బాడీలు, లెన్సులు 6 లక్షల సరుకు. పులికాట్ ఉప్పుగాలిలో, బురదలో తిరిగే సామాను అయిదేళ్లు నిలిస్తే గొప్పే. అంటే ఏడాదికి 1.20 లక్షలు అరిగిపోతోంది. అదీ తీసేస్తే 3.70 లక్షలు, నెలకు 31 వేలు దాటదు. లోను ఈఎంఐ దగ్గర దగ్గర 25,600. ఇల్లు గడవడానికి మిగిలేది అయిదు వేల చిల్లర. అయిదేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 4.36 లక్షలు.

ఆ లెన్సు గొప్పదే, కాదనను. తెల్లవారుజామున వెలుతురు చాలని వేళ అది తీసిన ఫొటోకూ మామూలు జూమ్ తీసిన దానికీ తేడా నాబోటి వాడికి కూడా తెలుస్తుంది. పాతదైనా మంచి ధరకే అమ్ముడుపోతుంది. కానీ ఏడాదిలో అది తప్పనిసరిగా కావలసింది పదిహేను రోజులని మీరే రాశారు. చెన్నైలో అద్దె రోజుకు 4,500 అని కనుక్కున్నదీ మీరే. మొత్తం 67,500. లోను వడ్డీయే సగటున ఏడాదికి 87 వేలు పడుతుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో పెలికాన్లు గూళ్లు కట్టే నెలల్లో మీ ఫొటో వర్క్‌షాపులు ఉంటాయి కదా, లెన్సు ఆ రోజులకే తెప్పించుకుని అద్దెను ఫీజులో కలపండి. పాల్గొనేవాళ్లకు కూడా ఒకసారి దానిలోంచి చూసే అవకాశం ఇస్తే ఆ ఫీజుకు ఎవరూ సణగరు.

ఇక నాన్నగారి డబ్బు. ఆ 11 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో ఉంటే, ఇప్పుడున్న 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 22,550 ఆయన ఖాతాలో పడుతుంది. మందులకైనా, మనవరాలికి పట్టుపావడాకైనా ఆయన ఎవరినీ అడగనక్కర్లేదు. ‘తీసుకోరా’ అనడం ఆయన ప్రేమ. తీసుకోకపోవడం మీ పని.

మద్రాసులో ఎం. కృష్ణన్ అని ఒక ప్రకృతి ప్రేమికుడు ఉండేవారు. మీలాగే ఫొటోలూ తీసేవారు, బొమ్మలూ వేసేవారు, పైగా రచయిత. సండూరు సంస్థానంలో కొలువు ముగిశాక మళ్లీ ఉద్యోగం జోలికి పోలేదు. 1950లో స్టేట్స్‌మన్ పత్రికలో మొదలుపెట్టిన పక్షానికోసారి వచ్చే కాలమ్‌ను 1996లో కన్నుమూసేదాకా రాశారు. ఆయన కెమెరా రకరకాల విడిభాగాలు జతచేసి తానే కూర్చుకున్నది! ఆ కాలమ్ లాంటి క్రమం తప్పని రాబడి మీ కాగితంలో ఒక్కటీ లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పంట, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎండు. వానాకాలం మూడు నెలలూ చాలా పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతాలు, అంటే నడిమి అడవి, మూసేస్తారు కాబట్టి సఫారీ పనీ ఉండదు.

అందుకని ఎవరు డబ్బిచ్చినా ముందు ఒకే ఖాతాలో పడనివ్వండి. అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 28 వేలు జీతంలా ఇంటి ఖాతాకు పంపండి. పంట నెలలో 28, ఎండు నెలలోనూ 28. మరో 10 వేలు సామాను మార్చుకునే నిధికి వెళ్లాలి. దాన్ని లెన్సు ఖాతా అనుకోండి. మార్చి నెలాఖరుకు మొదటి ఖాతాలో 2 లక్షలకు తగ్గకుండా ఉంటే అక్టోబరు దాకా నిద్ర పడుతుంది. మూసిన అడవి తెరిచేలోగా బొమ్మలు వేయండి. బొమ్మలు, ప్రింట్ల మీద 2.20 లక్షలు వచ్చాయి, అయిన ఖర్చు 80 వేలు. మీ పనులన్నిటిలో పెట్రోలు తాగనిది అదొక్కటే. ఆరోగ్య బీమా, కెమెరాలకు ఆల్ రిస్క్ పాలసీ (పగిలినా, పోయినా పరిహారమిచ్చే బీమా) రెండూ లేవన్నారు, ఈ నెలలోనే తీసుకోండి.

రిసార్టు విషయంలో ఫొటోలను రెండు కుప్పలు చేయండి. వాళ్లు డబ్బిచ్చి తీయించుకున్న వాటికి, వేరే ఒప్పందం లేకపోతే, మన కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు వాళ్లే. ఫొటో తీసింది మీరే అయినా సరే. చాలామంది ఫొటోగ్రాఫర్లు నమ్మరు గానీ చట్టం అంతే. పాత ఫొటోల హక్కు మాత్రం మీదే. రాతపూర్వకంగా రాసివ్వనిదే అది చేతులు మారదు. ఆ కప్పుల మీద ఉన్నవి పాతవైతే, మర్యాదగా ఒక ఉత్తరం, దాంతో పాటు ఒక బిల్లు పంపండి. రేపటి సీజను వాళ్లే ఇవ్వాలి కాబట్టి తగాదా స్వరం వద్దు. ఇకమీదట ప్రతి బిల్లు మీదా ‘హక్కులు నావే, వాడుక ఫలానా పనికి, ఇన్నేళ్లకు’ అని రాసి, పని మొదలుపెట్టకముందే వాళ్ల సంతకం తీసుకోండి. ఎప్పుడైనా హక్కులే రాసివ్వాల్సి వస్తే గడువు రాయడం మరవకండి. రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే లెక్కిస్తుంది.

పన్ను గురించి మీ స్నేహితుడి సలహా, అంటే వచ్చిన దాంట్లో సగం ఆదాయంగా చూపిస్తే చాలన్నది, తొందరపడి పాటించకండి. ఆ సదుపాయం డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టుల వంటి కొన్ని వృత్తులకే. సినిమా కెమెరామన్‌కు ఆ జాబితాలో చోటుంది, కొంగల వెంట తిరిగేవారి ప్రస్తావన లేదు. చార్టర్డ్ అకౌంటెంటును అడిగి అసలు ఖర్చులు, సామాను తరుగుదల చూపించి రిటర్ను వేయండి. 12 లక్షల లోపు ఆదాయానికి కొత్త విధానంలో పన్ను పడదు. రిసార్టులు, కంపెనీలు మీకిచ్చిన 2.90 లక్షల మీద 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోశాయి. ఆ 29 వేలూ మీవే. డిసెంబరు 31 లోపు రిటర్ను వేయకపోతే మాత్రం వాటిని రాబట్టుకోవడం చాలా కష్టం. రీఫండు వచ్చిన రోజే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లెన్సు ఖాతాలో వేసేయండి.