ఫుట్‌పాత్ పిల్లలను బడిలో చేర్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీస్సులు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్ మీద ఉంటున్న కుటుంబాల పిల్లలను బడిలో వేయిస్తానని నువ్వు ఫోనులో చెప్పగానే సంతోషించాను. ఆ వెంటనే "ముందు అందరికీ ఆధార్ తీయించాలి కదా అత్తయ్యా" అన్నావు చూడు, ఈ ఉత్తరం అందుకే. అక్కడి నుంచి మొదలుపెడితే ఈ ఏడాదంతా ఆధార్ కేంద్రాల ముందు నిలబడడంతోనే సరిపోతుంది. పిల్లలను ముందు తరగతిలో కూర్చోబెట్టు. కాగితాల సంగతి ఆ తరువాత చూడవచ్చు.

ఇది నా సొంత పైత్యం కాదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువు చెప్పాలని అది అంటుంది తప్ప, అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో తెమ్మని ఎక్కడా అనదు. వయసు రుజువు లేదన్న కారణంతో పిల్లను తిప్పి పంపకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) రావడం ఆలస్యమైందని చేరికను ఆపకూడదని 5వ సెక్షన్, గడువు దాటి వచ్చినా కాదనకూడదని 15వ సెక్షన్ చెబుతాయి. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు బడిలో చేరేలా చూడడం స్థానిక సంస్థ బాధ్యత అని 9వ సెక్షన్‌లో ఉంది. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో తేల్చింది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సంచిలో పెట్టుకో. అయితే మొదటి రోజే దాన్ని హెడ్మాస్టరు బల్ల మీద పరచకు.

నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే కాబట్టి చెబుతున్నాను. ఫుట్‌పాత్ పిల్లలనగానే హెడ్మాస్టరు వెనకాడితే, చాలాసార్లు అది చెడ్డతనం కాదు, భయం. ఈ పిల్ల నెల తిరక్కుండా మాయమైతే హాజరు శాతం పడిపోతుంది. బడి ఆన్‌లైన్ రికార్డులో పేరు మిగిలిపోతుంది, పైనుంచి వచ్చిన వాళ్లకు సంజాయిషీ ఆయనే చెప్పుకోవాలి. అందుకని నీ ఫోను నంబరు ఇచ్చి, పిల్ల రెండు రోజులు రాకపోతే నీకు కబురు చేయమను, నువ్వే వెళ్లి వెతుక్కొస్తానని చెప్పు. చెప్పినట్టు చెయ్యి కూడా. చట్టం చదివి వినిపించిన దానికంటే ఆ ఒక్క హామీకి ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి.

హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లేముందు తల్లుల దగ్గర కూర్చో. మన రాష్ట్రంలో పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో వీధి పిల్లల కోసం తిరుగుతారు. వాటి ఉద్దేశం మంచిదే. అయినా రోడ్డు మీద బతికే తల్లికి మాత్రం నోటు పుస్తకం, ఫోను పట్టుకుని పిల్లల పేర్లు అడిగే మనిషి ఎవరైనా పిల్లలను ఎత్తుకుపోయే మనిషే. కాబట్టి మొదట్లో పేర్లు రాయకు, ఫొటోలు అసలే తీయకు. ఎవరి ఊరు ఏమిటి, ఎప్పుడు వచ్చారు, వానొస్తే ఎక్కడ తలదాచుకుంటారు అని మాట్లాడు. బడిని తల్లికి ముందు చూపించు. పిల్లతో పాటు ఆమె కూడా ఒక మధ్యాహ్నం వెళ్లి, అక్కడ అన్నం పెట్టడం, తలుపులకు తాళం వేయకపోవడం కళ్లారా చూస్తే సగం అనుమానం తీరుతుంది.

వయసు దగ్గర ఓపిక కావాలి. పుట్టిన తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. లాక్‌డౌన్ అప్పటికి వీడు చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా అని అడుగు. 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు అన్నం తింటున్నాడా, ఇంకా పాల మీదే ఉన్నాడా? ముందు పళ్లు ఊడాయా? లాక్‌డౌన్ నాటికి తప్పటడుగులు వేస్తున్న వాడికి ఇప్పుడు ఆరేళ్లు దాటినట్టే. కాన్పు పేట్లబురుజు ఆసుపత్రిలోనో కోఠీ ఆసుపత్రిలోనో అయి ఉంటే తేదీ వాళ్ల రికార్డుల్లో దొరుకుతుంది. లేకపోతే ఊళ్లో అంగన్‌వాడీ రిజిస్టరో ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త) రిజిస్టరో ఉంటుంది. అదీ లేకపోతే తల్లి ఇచ్చే ప్రమాణ పత్రం చాలు. నిబంధనల్లో ఈ దారులన్నీ ఉన్నాయి. ఏ తేదీ రాసినా తల్లి చెప్పినదానికి దగ్గరగా ఉండాలి. అడ్మిషన్ రిజిస్టరులో ఎక్కిన తేదీయే రేపు పదో తరగతి మెమో మీదికి వస్తుంది, మార్పించడం అంత తేలిక కాదు. మా తరంలో సగం మంది జూన్‌లో పుట్టినట్టు కనిపించేది బడి పంతుళ్ల పుణ్యమే, నువ్వు ఆ పని చేయనివ్వకు. తండ్రి పేరు కూడా తల్లి ఆధార్ కార్డులోనో రేషన్ కార్డులోనో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించు. చిరునామా గడిలో ఉన్న చోటే రాయించు, ఫలానా కమాను పక్కన, ఫలానా దుకాణం ఎదుట అని. ఎవరో తెలిసినవారి ఇంటి నంబరు అరువు తేకు.

ఊళ్లో రెండో మూడో తరగతి చదివి వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్ల పేరు పాత బడి రికార్డుల్లో ఉండిపోతుంది. ఆ ఊరి హెడ్మాస్టరుకు ఫోను చేసి ఆన్‌లైన్‌లో పేరు వదిలేయమని అడగాలి. ఆ లోపు పిల్లను కూర్చోబెట్టుకోవడానికి ఇక్కడి బడికి అడ్డేమీ లేదు.

తరగతి విషయంలో మాత్రం గట్టిగా ఉండు. పదేళ్ల పిల్ల ఎన్నడూ బడి ముఖం చూడకపోయినా ఆ వయసు పిల్లలున్న తరగతిలోనే చేర్చాలి. వెనకబడిన చదువును అందుకోవడానికి 3 నెలల నుంచి 2 ఏళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చట్టం, దాని నిబంధనలు చెబుతున్నాయి. అక్షరాలు రావు కదా అని ఒకటో తరగతిలో కూర్చోబెడితే, ఆ పొడుగు పిల్ల చిన్నపిల్లల మధ్య సిగ్గుతో వారం కూడా ఉండదు. ఇది ఆచరణలో కుదిరే పనేనని రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల నుంచీ చూపిస్తూనే ఉంది. పనిలో ఉన్న పిల్లలను బ్రిడ్జి కోర్సు (వెనకబడిన చదువును అందించే) శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఇలా చేరిన పిల్లలకు 14 ఏళ్లు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచిత చదువు ఉంటుంది. పదో తరగతికి ఓపెన్ స్కూలూ ఉంది.

చేర్చడం ఒక పూట పని. అసలు పని ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. ఫ్లైఓవర్ కింద పుస్తకాలు ఒక్క వానకే ముద్దయిపోతాయి, సంచి ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. పుస్తకాలు బడి బీరువాలోనే పెట్టనిమ్మని టీచరమ్మను అడుగు. స్నానానికి సులభ్ కాంప్లెక్సులో డబ్బులు కట్టాలి. బడి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని తల దువ్వుకోవడానికి బడి గంట కొట్టేముందు ఒక పావుగంట ఇస్తే మిగతా పిల్లలు ముక్కు మూసుకోవడం తగ్గుతుంది. ఒక సబ్బు, ఒక దువ్వెన, పేలమందు నువ్వు కొనిపెట్టు. యూనిఫాం ఉచితంగానే ఇస్తారు కానీ చేతికి వచ్చేదాకా ఆగకుండా పాత జత ఒకటి సంపాదించు. చెత్త ఏరే కుటుంబమైతే పిల్లలు తెల్లవారకముందే లేచి ఉంటారు, రెండో పీరియడ్‌కు తల వాల్చేస్తారు. అది సోమరితనం కాదని టీచరుకు ముందే చెప్పు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినకుండా జేబులో పెట్టుకుంటున్న పిల్లను ఎవరైనా దొంగ అనబోతే అడ్డుపడు, దానికి బయట తమ్ముడు ఉండి ఉంటాడు. ఆ తమ్ముడికి మూడేళ్లు నిండితే అంగన్‌వాడీలో చేర్పించు. చంటిబిడ్డను ఎత్తుకునే పని తప్పితేనే ఆడపిల్ల బడికి రాగలదు.

హాస్టల్ మాట చటుక్కున అనకు. పేదరికం తల్లి నుంచి బిడ్డను విడదీయడానికి కారణం కాకూడదు. పిల్లలను సంస్థల్లో ఉంచడం చివరి మార్గమేనని 2015 నాటి బాలల న్యాయ చట్టమూ అంటుంది. ఎవరూ లేకుండా తిరుగుతున్న పిల్లలు, రాత్రిళ్లు భద్రత లేని ఆడపిల్లలు వేరు. వాళ్ల కోసం పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చెయ్యి, బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లు. పట్టణ రెసిడెన్షియల్ బడులు, ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి.

ఇన్ని చేసినా చేర్చుకోము అంటే, ఆ మాటే కాగితం మీద రాసి ఇమ్మని మర్యాదగా అడుగు. ఎవరూ రాసి ఇవ్వరు, చాలామంది అక్కడే మెత్తబడతారు. మెత్తబడకపోతే అప్పుడు సంచిలోని కాగితం తీసి, తేదీ వేసి ఫిర్యాదు రాయి. మండల విద్యాధికారికి, హైదరాబాద్‌లో అయితే డిప్యూటీ ఐఓఎస్‌కు (బడుల తనిఖీ అధికారికి) ఇచ్చి రసీదు తీసుకో, ఒక ప్రతి జిల్లా విద్యాధికారికి పంపు. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థ 3 నెలల్లో తేల్చాలి, తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది.

జూన్ 12న బడులు తెరుస్తారు. బడిబాట పేరుతో టీచర్లే పిల్లల కోసం వీధుల్లో తిరిగే రోజులు కూడా అవే. అప్పుడు వాళ్లను మీ ఫుట్‌పాత్ వైపు పిలుచుకురా. అప్పటిదాకా ఆగే పని లేని పిల్లలు ఉంటే ఈ సోమవారమే తీసుకెళ్లు. తల్లుల ప్రమాణ పత్రాలు ఎలా రాయాలో తెలియకపోతే ఆదివారం పొద్దున ఇంటికి రా, కలిసి రాద్దాం.

ఆశీస్సులతో,
అత్తయ్య