మా అమ్మాయి ఏఐ ఏజెంట్లకు డాక్యుమెంటేషన్ రాస్తానంటోంది.. అది కాగితాల పనేనా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మిర్చి పండిస్తాం. మా అమ్మాయి హనుమకొండలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతోంది. ఏఐ ఏజెంట్లు వాడే టూల్స్‌కు డాక్యుమెంటేషన్ రాయడం నేర్చుకుంటానంటోంది. నాకైతే ఆఫీసులో కాగితాలు రాసే పనిలా అనిపిస్తోంది. దానికి బీటెక్ ఎందుకు? దీనికి హైదరాబాద్‌లో కోచింగ్ కూడా ఉందట. ఫీజు కట్టమంటారా?

సమాధానం: మీ టెన్షన్ అర్థమైంది. ముందు ఈ పని ఏంటో మీకు బాగా తెలిసిన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌తోనే చెప్తాను.

మనం అడిగింది విని, అందుకు కావాల్సిన ప్రోగ్రామ్‌లను తనంతట తానే నడిపి పని పూర్తిచేసే సాఫ్ట్‌వేర్‌ను ఏజెంట్ అంటున్నారు. ఏజెంట్ అలా నడిపే ప్రోగ్రామే టూల్. మార్కెట్ ధరలు చెప్పే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉందనుకోండి. 'ఇవాళ తేజ మిర్చి ఎంత పలికింది?' అని మీరు ఫోన్‌లో అడిగితే, ఏజెంట్ ఆ ప్రోగ్రామ్ గురించి రాసిన వివరణ చదివి, దాన్ని బట్టి నడుపుతుంది. మీ అమ్మాయి చెప్పే డాక్యుమెంటేషన్ ఆ వివరణే. అందులో 'మిర్చి ధర ఇస్తుంది' అని మాత్రమే ఉంటే? ఆ ధర కిలోకా, క్వింటాలుకా? కనిష్ఠమా, గరిష్ఠమా, ఎక్కువ సరుకు అమ్ముడైన ధరా? రకం పేరు రాయకపోతే తేజకు బదులు వండర్ హాట్ ధర వస్తుందా? 05-06 అంటే జూన్ 5 అనుకోవాలా, మే 6 అనుకోవాలా? మార్కెట్‌కు సెలవైతే ప్రోగ్రామ్ ఖాళీ జవాబిస్తుంది. దాన్ని చూసి ఏజెంట్ 'ధర సున్నా' అనేయొచ్చు. కొత్తగా చేరిన ఉద్యోగికి అనుమానమొస్తే పక్క సీటులోని సీనియర్‌ను అడుగుతాడు. ఏజెంట్ చాలాసార్లు అడగదు. తనకు తోచింది పెట్టుకుని ముందుకెళ్తుంది, పైగా ఎంతో నమ్మకంగా చెబుతుంది. ఆ మాట విని బస్తాలు బండికెత్తిన రైతు నష్టపోతాడు.

ధర తప్పయితే ఒక ఎత్తు. రికార్డులు తుడిచేసే కమాండ్ ఉంటే అది ఇంకో ఎత్తు. 'నడిపే ముందు మనిషిని అడుగు' అని రాయాలి. రాస్తే సరిపోదు, అనుమతి లేకుండా నడవకుండా ప్రోగ్రామ్‌లోనే అడ్డం పెట్టించాలి. ఎక్కడ పెట్టాలో చెప్పాలంటే కోడ్ తెలియాలి. బీటెక్ ఎందుకన్నారు కదా, ఇందుకే.

ఇది గాలి మాటల మీద పుట్టిన పని కాదు. ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ 2024 నవంబరులో, ఏజెంట్లను టూల్స్‌తో కలిపే ఎంసీపీ అనే పద్ధతిని అందరికీ తెరిచింది. అందులో ప్రతి టూల్‌కూ పేరు, ఏం ఇస్తే పనిచేస్తుందనే వివరం ఉంటాయి, అదేం చేస్తుందో రాసిన నాలుగు మాటలు కూడా ఉంటాయి. ఏజెంట్ వాటిని చూసే టూల్‌ను ఎంచుకుంటుంది. ప్రాజెక్టుల్లో 'ఏజెంట్స్ డాట్ ఎండీ' అనే ఫైలు పెట్టి ఏజెంట్లకు సూచనలు రాయడం 2025 నుంచి బాగా పెరిగింది.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. కేవలం ఈ పని కోసమే ఫ్రెషర్లను తీసుకునే కంపెనీలు అరుదు. మడికొండ ఐటీ పార్కులోనైనా హైదరాబాద్‌లోనైనా ముందు డెవలపర్‌గానో టెస్టర్‌గానో చేరాల్సి ఉంటుంది. టెక్నికల్ రైటర్ పోస్టులకు ఎక్కువగా అనుభవం అడుగుతారు. పైగా మొదటి డ్రాఫ్ట్ ఇప్పుడు ఏఐ కూడా రాసేస్తోంది. కాబట్టి రాయడం ఒక్కటే వస్తే చాలదు. రాసింది పనిచేస్తోందో లేదో పరీక్షించి చూపగలగాలి. విలువంతా అక్కడే ఉంది. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, పైథాన్ వదలకుండా దీన్ని అదనపు నైపుణ్యంగా పట్టుకోమనండి.

ఈ సెమిస్టర్‌లో ఆ మిర్చి ధరల టూల్‌నే చేయమనండి. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో మార్కెట్ల ధరలు క్వింటాలు లెక్కన, కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువగా పలికిన ధర విడివిడిగా దొరుకుతాయి. టూల్‌కు వివరణ రాసి, ఏజెంట్‌కు ఓ ఇరవై ప్రశ్నలు ఇవ్వాలి. ఒక్కో ప్రశ్ననూ నాలుగైదుసార్లు అడగాలి, ఎందుకంటే అది ప్రతిసారీ ఒకేలా జవాబివ్వదు. తప్పు ఎక్కడొచ్చిందో చూసి వివరణలో ఒక్క వాక్యం మార్చి మళ్లీ అడగాలి. 'ఎర్రర్' అని ఊరుకునే చోట 'తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో ఇవ్వండి' అని వచ్చేలా చేస్తే ఏజెంట్ తన తప్పు తానే దిద్దుకోవడం కనిపిస్తుంది. పేజీలకు పేజీలు రాస్తే అసలు విషయం మరుగున పడుతుంది, కొన్నిసార్లు జవాబులు ఇంకా చెడతాయి. ముందు రాసిన వివరణ, మార్చిన వివరణ, తప్పుల పట్టిక మూడూ, కోడ్ పెట్టి నలుగురికీ చూపే గిట్‌హబ్ సైట్‌లో పెట్టాలి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ పట్టిక గట్టిగా మాట్లాడుతుంది.

ఆ ఇరవై ప్రశ్నలూ మీరే ఇవ్వండి. మీరు మార్కెట్లో ఎలా అడుగుతారో అలాగే. 'ఏసీ మిర్చి ఎంత పోయింది?' అంటే కోల్డ్ స్టోరేజీ సరుకని మీకు తెలుసు, ఏజెంట్‌కు ఎవరైనా రాసిపెట్టాలి. ఇలాంటివి మీ అమ్మాయికి మీ దగ్గర తప్ప ఏ క్లాసులోనూ దొరకవు.

కోచింగ్‌కు మాత్రం ఫీజు కట్టకండి. గూగుల్ వాళ్ల టెక్నికల్ రైటింగ్ పాఠాలు, ఎంసీపీ వివరాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉన్నాయి. తెలుగు మీడియం అన్న భయం ఉంటే అదీ అక్కర్లేదు. ఇక్కడ కావాల్సింది చిన్న చిన్న వాక్యాల ఇంగ్లిష్, అది రోజూ రాస్తుంటే వస్తుంది. చేతిలో ఆ డబ్బు ఉంటే, ఇంట్లో ల్యాప్‌టాప్ సరిగ్గా లేకపోతే ముందు అది చూడండి.