ఉద్యోగం దొరికింది, ఇల్లెక్కడ తీసుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. ముగ్గురూ మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లే. ఇంగ్లిష్ టీచరుగా బయటి దేశం వెళ్తున్నాం, ఎక్కడ ఉంటే మంచిది అని అడిగారు. నేను దుబాయ్‌లో 8 ఏళ్లు, థాయ్‌లాండ్‌లో 2 ఏళ్లు ఇదే పని చేసి వచ్చినదాన్ని కాబట్టి ఈ పేజీ అంతా దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది బైరాగిపట్టెడ. ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్, తర్వాత బి.ఎడ్. చేశాను. ఆరేళ్లుగా ఇక్కడే ప్రైవేటు స్కూల్లో పనిచేస్తున్నాను. దుబాయ్ అల్ ఖుసైస్‌లో ఒక ఇండియన్ స్కూల్ వాళ్లు ఏప్రిల్‌కు రమ్మన్నారు, జీతంతో పాటు ఇంటి అలవెన్సు కూడా ఇస్తారట. మా పిన్ని కూతురు షార్జాలో ఉంటుంది. అక్కడ అద్దెలు తక్కువ, మా బిల్డింగ్‌లోనే ఇల్లు మాట్లాడి పెడతాను అంటోంది. మావారు, ఐదేళ్ల బాబు మూడు నెలలాగి వస్తారు. దుబాయ్‌లో ఉంటే పైసా మిగలదని అందరూ అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? (తిరుపతి, పేరు వద్దన్నారు)

జవాబు: షార్జాలో ఇల్లు తీసుకోవద్దమ్మా. చెల్లెలు మంచి మనసుతోనే చెబుతోంది, అద్దె తక్కువన్న మాటా నిజమే. కానీ ఆ అమ్మాయి దుబాయ్‌లోని బడికి పొద్దున ఏడుకల్లా చేరాల్సిన మనిషి కాదు కదా.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఇదే. మ్యాప్‌లో చూస్తే మా ఇంటికీ బడికీ మధ్య తిరుపతి నుంచి చంద్రగిరి అంత దూరం, అంతకంటే ఎక్కువ లేదు. ఇంతేనా అనుకున్నాను. తీరా చూస్తే పొద్దున షార్జా అంతా దుబాయ్ వైపు, సాయంత్రం దుబాయ్ అంతా షార్జా వైపు కదులుతుంది, అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద బండ్లు ఆగి ఆగి పోతుంటాయి. బడి బస్సు ఐదుంబావుకే ఎక్కించుకునేది. సాయంత్రం ఇంటికి రావడానికి ఒక్కోరోజు గంటన్నర పట్టేది, ఆ తర్వాత వంట, ఆ తర్వాత నోటుబుక్కులు. అద్దెలో మిగిలిన డబ్బు నిజంగానే మిగిలింది గానీ ఆ ఏడాది నేను పిల్లలకు ఎలా పాఠం చెప్పానో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నిద్ర చాలని టీచరు క్లాసులో ఊరికే విసుక్కుంటుంది. అప్పుడు నా చేత మాటలు పడ్డ పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

మీకు ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది చాలామందికి తట్టదు. 2022 జనవరి నుంచి అక్కడ వారాంతపు సెలవులు మారాయి. షార్జాలో శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవే. దుబాయ్‌లో మాత్రం శుక్రవారం ఒంటిపూట బడి ఉంటుంది. బాబును షార్జా బడిలో వేస్తే శుక్రవారం వాడు ఇంట్లో, మీరు క్లాసులో. అందుకని వాణ్ని మీ బడిలోనే వేయండి. టీచర్ల పిల్లలకు ఫీజు తగ్గింపు ఉంటుందా అని ఇప్పుడే అడిగి, కాగితం మీద రాయించుకోండి. నోటిమాట నమ్ముకోవద్దు.

మీరు చూడాల్సింది అల్ ఖుసైస్, దాన్ని ఆనుకుని ఉండే దుబాయ్ వైపు అల్ నహ్దా, ఇంకొంచెం లోపలికి ముహైస్నా. మనవాళ్లు, కేరళ వాళ్లు ఎక్కువగా ఉండే చోట్లే ఇవి. అల్ నహ్దా పేరుతో షార్జా వైపు కూడా ఒక పేట ఉంది, ప్రకటనలు చూసేటప్పుడు ఏ వైపుదో అడగండి. మెట్రో గ్రీన్ లైన్ అల్ ఖుసైస్ దాకా వస్తుంది, ఆడవాళ్లకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుంది. ఆ మెట్రో షార్జాలోకి పోదు. మీవారికి ఉద్యోగం ఏ మూలన దొరికినా మెట్రో దగ్గర ఇల్లుంటే వెళ్లి రావచ్చు.

ఇక డబ్బు సంగతి. మన కొర్లగుంటలో ఇల్లు తీసుకున్నట్టు అడ్వాన్సు ఇచ్చి, నెల నెలా అద్దె కట్టే పద్ధతి కాదు అక్కడ. ఏడాది అద్దెను ఒకటి, రెండు, నాలుగు, ఒక్కోచోట పన్నెండు చెక్కులుగా ముందే రాసిస్తారు. ఉదాహరణకు ఏడాదికి 48 వేల దిర్హాములు, నాలుగు చెక్కులు అనుకుందాం. మొదటి చెక్కు 12 వేలు. డిపాజిట్ మామూలుగా అద్దెలో 5 శాతం, అంటే 2,400. ఏజెంటుకు ఇంకో 5 శాతం, మళ్లీ 2,400. కరెంటు, నీళ్లు ఇచ్చే డీవా సంస్థకు ఫ్లాట్ అయితే 2 వేలు డిపాజిట్. అన్నీ కలిపితే 18,800. మంచం, గ్యాస్ పొయ్యి ఇంకా కొననే లేదు. ఇవన్నీ అయ్యాక కూడా అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు కింద నెల నెలా కరెంటు బిల్లులో కలిసి వస్తుంది, ఈ లెక్కన నెలకు 200. ఏసీ చల్లదనానికి వేరే బిల్లా, అద్దెలోనే కలిసి ఉందా అన్నది తప్పకుండా అడగండి. వేసవిలో ఆ బిల్లు చూసి ఏడ్చినవాళ్లను చూశాను.

అందుకే బడివాళ్లను అడగాల్సిన మొదటి మాట అలవెన్సు ఎంత అని కాదు, ఎప్పుడిస్తారు అని. నెల నెలా జీతంతో ఇస్తే మొదటి చెక్కుకు అది పనికిరాదు. ముందే మొత్తంగా ఇచ్చే బడులున్నాయి, అప్పుగా ఇచ్చి జీతంలో కోసుకునేవీ ఉన్నాయి. అసలు చెక్కు రాయాలంటే బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకు ఎమిరేట్స్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు కావాలి, అది చేతికి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి మొదటి నెల చెల్లెలి ఇంట్లోనే ఉండండి. ఆ నెలరోజులు కష్టపడి బడికి తిరుగుతూ, సాయంత్రం ఒక గంట మీ బడి చుట్టూ నడిచి బిల్డింగులు చూడండి. మీ తోటి టీచర్లు ఎక్కడుంటారో అడగండి. స్టాఫ్ రూములో అరగంట కూర్చుంటే ఏ ఓనరు లిఫ్ట్ బాగుచేయిస్తాడో, ఎవరు చేయించడో తెలిసిపోతుంది. తిరుపతిలో కూర్చుని, ఫోనులో ఫొటోలు చూసి మాత్రం ఎవరికీ డబ్బు పంపవద్దు.

ఇంకొక్క మాట. ఖర్చు తగ్గుతుందని ఎవరి ఫ్లాట్‌లోనో ఒక గదో, బెడ్ స్పేసో (పంచుకునే గదిలో ఒక్క మంచం) తీసుకుని ఏడాది గడిపేద్దాం అనుకోకండి. భర్తను, బిడ్డను మీ వీసా మీద పిలిపించుకోవాలంటే మీ పేరున రిజిస్టరయిన అద్దె ఒప్పందం చూపించాలి, దుబాయ్‌లో దాన్ని ఎజారీ అంటారు. పెళ్లి సర్టిఫికెట్, బాబు బర్త్ సర్టిఫికెట్ కూడా మీ డిగ్రీలతో పాటే ఇప్పుడే అటెస్టేషన్‌కు ఇచ్చేయండి. దుబాయ్, షార్జాలున్న యూఏఈ దేశానికి ఒట్టి అపోస్టిల్ (విదేశాల్లో కాగితాలు చెల్లడానికి మన విదేశాంగ శాఖ వేసే ఒక్క ముద్ర) చాలదు. రాష్ట్రంలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆ పైన వాళ్ల ఎంబసీలో ముద్రలు పడాలి. మీవారు ఒక్కరే ఇక్కడ ఉండి ఆ కాగితాల కోసం తిరగడం కంటే మీరున్నప్పుడే అయిపోతే మేలు.

దుబాయ్‌లో డబ్బు మిగలదన్న మాటకు నా జవాబు ఇది. రెండో ఏడాది నుంచి బడికి పది నిమిషాల నడకలో ఉన్నాను. అద్దె ఎక్కువ కట్టాను, టాక్సీలు తగ్గాయి, బయటి తిండి తగ్గింది, ఏడాది చివర లెక్క చూస్తే షార్జాలో మిగిలినదానికీ దీనికీ తేడా పెద్దగా లేదు. పైగా రాత్రి తొమ్మిదికి పడుకున్నాను.

ప్రశ్న: మేడమ్, నాది చిత్తూరు గ్రీమ్స్‌పేట, 24 ఏళ్లు, బి.కాం. ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫ్ల్ (ఇంగ్లిష్ బోధన) కోర్సు చేశాను. కొరియాలో టీచర్లకు ఇల్లు ఫ్రీగా ఇస్తారని విన్నాను. ఒక ఏజెంటు మాత్రం థాయ్‌లాండ్ అయితే వెంటనే పంపిస్తా, టూరిస్ట్ వీసా మీద పో, అక్కడికెళ్లాక మారుస్తాం, లక్షన్నర ఇవ్వు అంటున్నాడు. బ్యాంకాక్ మంచిదా, చియాంగ్ మై మంచిదా?

జవాబు: ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చుకో తమ్ముడూ, ఊరి సంగతి తర్వాత. మన దేశంలో లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లైసెన్సుందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. థాయ్‌లాండ్‌లో టూరిస్ట్ వీసా మీద పాఠం చెప్పడం నేరం. అది ఒక్కటే కాదు, థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో సైబర్ మోసాల కేంద్రాల్లో పెట్టేస్తున్నారని 2022లోనే మన విదేశాంగ శాఖ హెచ్చరించింది. 2025 మార్చిలో మే సోట్ అనే సరిహద్దు ఊరి నుంచి వందల మందిని వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చారు. నిన్ను భయపెట్టాలని కాదు చెప్పడం. బడి పేరు, ఊరి పేరు, ప్రిన్సిపాల్‌తో వీడియోలో మాట, పని చేయడానికి కావాల్సిన నాన్-బి వీసాకు బడి ఇచ్చే కాగితాలు, ఈ నాలుగూ చేతికి రాకుండా చెన్నై ఎయిర్‌పోర్టుకు పోవద్దు.

కొరియాలో ఇంగ్లిష్ టీచరు వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్లకే ఇస్తారు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల టీచరు అర్హత ఉన్న భారతీయులకు అక్కడి బడుల్లో సహాయకులుగా ఒక చిన్న దారి ఉంది గానీ బి.కాం.తో ఆ దారి తెరుచుకోదు. థాయ్‌లాండ్‌లో ఏ డిగ్రీ అయినా తీసుకుంటారు, మనలాంటివాళ్లను టోయిక్ లేదా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షల స్కోరు అడుగుతారు. ఆ పరీక్ష ముందు రాసెయ్.

ఊరి విషయానికొస్తే, చియాంగ్ మై ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో నిజంగానూ అంతే, నవంబరు నుంచి జనవరి దాకా. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు కాల్చిన పొగ కమ్మేస్తుంది. కొన్నిరోజులు ప్రపంచంలోనే గాలి బాగాలేని నగరాల్లో ముందు వరుసలో ఉంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు అటు చూడకపోవడమే మంచిది. బ్యాంకాక్‌లో ఖర్చు ఎక్కువ. అక్కడ ఉండాల్సి వస్తే స్కైట్రైన్ స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో గది చూసుకో, వానాకాలంలో సందుల్లో నీళ్లు నిలుస్తాయి.

నన్నడిగితే మొదటి ఏడాది చిన్న ఊరే నయం. నేను ఈశాన్యాన ఖోన్ కెన్‌లో ఉన్నాను. మన షేర్ ఆటోల్లాగే అక్కడ సాంగ్‌తేవ్ అని, వెనక రెండు బల్లలు వేసిన బండ్లు తిరుగుతాయి. పొద్దున ఎనిమిదికి జెండా వందనం, అంతకు ముందే గేటు దగ్గర నిలబడి పిల్లలకు నమస్కారం పెట్టాలి. బడి పక్క వీధిలో ఉన్న నాకు అది హాయిగా ఉండేది, బజారులో కూరలమ్మే ఆవిడ కూడా నన్ను టీచర్ అనే పిలిచేది. బ్యాంకాక్‌లో ఉన్న నా స్నేహితురాలికి ఏడాదైనా పక్కింటివాళ్ల ముఖం తెలియలేదు.

గది తీసుకునేటప్పుడు కరెంటు యూనిట్ ఎంత అని అడుగు. ప్రభుత్వ రేటు కాకుండా యూనిట్‌కు 7, 8 బాట్‌లు వసూలు చేసే ఓనర్లున్నారు. నువ్వు దిగిన 24 గంటల్లో ఓనరు ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి, దాన్ని టీఎం 30 అంటారు. అది చేయనంటే ఆ గది వద్దు, తర్వాత వీసా పొడిగింపులో నీకే ఇబ్బంది. మే మధ్యలో బడులు మొదలవుతాయి, నవంబరులో రెండో టర్మ్. ముందు ఒక టర్మ్‌కే ఒప్పందం చేసుకో. మాంసం తినవంటే ‘జే’ (శుద్ధ శాకాహారం) అన్న మాట నేర్చుకో, పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు వెతుక్కో. కూరగాయల వేపుడు అని ఇచ్చినా అందులో చేప సాస్ పడుతుంది.

ప్రశ్న: అమ్మా, మాది శ్రీకాళహస్తి. మా అమ్మాయికి మాల్దీవుల్లో ఒక దీవి బడిలో ఇంగ్లిష్ టీచరుగా వచ్చింది, ఉండటానికి గది వాళ్లే ఇస్తారట. మాలే నగరంలో ఉండి రోజూ పోయి రావడం కుదరదా? ఒంటరిగా దీవిలో అంటే వాళ్లమ్మకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: కుదరదండీ. సుమారు 1,190 దీవుల దేశం అది, మనుషులుండేవి 200 లోపే. చాలా దీవుల నుంచి మాలేకి రోజూ పోయి రావడం జరగని పని, పైగా మాలే చాలా ఇరుకు, అద్దెలు భరించలేం. గది ఇస్తామంటున్నారు కాబట్టి తీసుకోమనండి. అక్కడ మన దేశపు టీచర్లు చాలామంది ఉన్నారు, ఆ బడిలోనే ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు. వాళ్ల నంబరు బడివాళ్లను అడిగి, వాళ్లమ్మనే నేరుగా మాట్లాడమనండి, మీ మాట, నా మాట కంటే ఆ ఫోను పనిచేస్తుంది.

గది ఒక్కరికా, ఇద్దరికా, లోపలి నుంచి గడియ ఉందా, బాత్రూము వేరేనా అని ఆ టీచర్లనే అడగాలి. ఫెర్రీ వారానికి ఎన్నిరోజులు, ఆసుపత్రి ఆ దీవిలోనే ఉందా, పక్క దీవికి పోవాలా అన్నవి కూడా. అక్కడ సెలవులు శుక్ర, శనివారాలు.

సామాను సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. పూజకు వాడే విగ్రహాలు ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు, కస్టమ్స్‌లో పట్టుకుంటారు. స్వామి విగ్రహం పెట్టెలో పెట్టాలని వాళ్లమ్మకు ఉంటుంది, ఇంట్లోనే ఉంచమనండి. చింతపండు, కందిపొడి, గొడుగు పెట్టండి.