గోల్ఫ్ కోర్సు కొన్నవాడు ఆటకు ప్రతినిధా?

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. ట్రంప్ గోల్ఫ్‌కు ప్రతినిధిగా కనబడకూడదని నువ్వన్నది నాకూ నిజమే అనిపిస్తుంది. కానీ సగానికి పైగా ఆయన స్వభావం గురించే రాశావు. ఆయన్ని ఇష్టపడనివాళ్లకు అది కొత్త కాదు, ఇష్టపడేవాళ్లు మొదటి పేరాలోనే చదవడం ఆపేస్తారు. ఆయనకు ఆ పెద్దపీట వేసిందెవరో రాయి.

గోల్ఫ్‌లోని పెద్ద టోర్నీల్లో ఒకటైన పీజీఏ ఛాంపియన్‌షిప్‌ను 2022లో న్యూజెర్సీలోని ఆయన బెడ్‌మిన్‌స్టర్ గోల్ఫ్ కోర్సులో ఆడిస్తామని, దాన్ని నిర్వహించే పీజీఏ ఆఫ్ అమెరికా 2014లోనే ప్రకటించింది. 2015 జూన్‌లో మెక్సికో వలసదారులను ఆయన అన్ని మాటలన్నా ఆ నిర్ణయం మారలేదు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనం మీద ఆయన మద్దతుదారులు దాడి చేశారు. 10వ తేదీన టోర్నీని అక్కణ్నించి తీసేశారు. చెప్పిన కారణం, తమ బ్రాండ్ దెబ్బతింటుందని! ఈ తేదీలు వరుసగా పెట్టు చాలు, విశేషణాలు అక్కర్లేదు.

స్కాట్లాండ్‌లోని టర్న్‌బెర్రీ గోల్ఫ్ కోర్సు మీద నువ్వు చూపిన కోపంతో మాత్రం ఒప్పుకోను. ఆ కోర్సును ఆయన కొన్నది 2014లో. 1977 బ్రిటిష్ ఓపెన్ టోర్నీలో గోల్ఫ్ దిగ్గజం టామ్ వాట్సన్ ఒక్క స్ట్రోక్ (బంతిని కొట్టే ఒక్క దెబ్బ) తేడాతో మరో దిగ్గజం జాక్ నిక్లాస్‌ను ఓడించింది అక్కడే. 2009లో 59 ఏళ్ల వయసులో వాట్సన్ అదే టోర్నీలో ప్లేఆఫ్ (స్కోరు సమమైతే విజేతను తేల్చే అదనపు ఆట) దాకా వచ్చిందీ అక్కడే. ఆ నేల మీద కోపం ఎందుకు? చూపంతా ఆట మీద, ఆటగాళ్ల మీద, కోర్సు మీద ఉంటుందని నమ్మకం కుదిరేదాకా అక్కడ పోటీలు పెట్టబోమని 2021లో ఆ ఓపెన్‌ను నిర్వహించే ఆర్ అండ్ ఏ సంస్థ చెప్పింది. యజమానినీ కోర్సునూ అలా విడదీసి చూడాలి.

అసలు ప్రతినిధి అంటే ఎవరో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. 1925 యూఎస్ ఓపెన్‌లో బంతి కాస్త కదిలిందని అమెరికన్ గోల్ఫర్ బాబీ జోన్స్ తనకు తానే ఒక స్ట్రోక్ పెనాల్టీ వేసుకున్నాడు. చివరికి స్కోరు సమమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. తన తప్పును ఆటగాడే ఒప్పుకుని లెక్కలో వేసుకునే ఆట ఇది. అలాంటి ఆటకు ఎన్ని కోర్సులున్నాయో చూసి ప్రతినిధిని ఎంచుకుంటే నాకు బాధేస్తుంది. ఇది నీ మాటల్లో రాయి.

స్కాట్లాండ్‌లోని బాల్మెడీ ఇసుక దిబ్బలకు ఒక్క వాక్యమే ఇచ్చావు. 2012లో అక్కడ ఆయన కోర్సు తెరిచారు. ప్రకృతి రక్షణ కోసం ఆ దిబ్బలకు ఇచ్చిన ప్రత్యేక శాస్త్రీయ ప్రాంత హోదా 2020లో పోయింది. దాన్ని విస్తరించు. స్వభావం గురించిన పేరాలు తీసేస్తే చోటు దొరుకుతుంది. తిరగరాసి పంపు, చదువుతాను.

నీ అన్నయ్య