వారంలోనే షుగర్ దిగిందంటే ఆ పొడిని అనుమానించండి

ప్రశ్న: మా మామగారికి 64 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. మెట్‌ఫార్మిన్ వాడేవారు. తెలిసినాయన ఒకరు పొడపత్రి, నేరేడు గింజలు, తిప్పతీగ కలిపిన పొడి తెచ్చిస్తే మాత్రలు మానేసి అదే వేసుకుంటున్నారు. వారంలో పరగడుపు షుగర్ 210 నుంచి 90కి దిగింది. ఇంట్లో అందరూ సంబరపడుతున్నారు గానీ తెల్లవారుజామున ఆయనకు చెమటలు, వణుకు. మందు పని చేస్తున్నట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పని చేస్తోందమ్మా, కాకపోతే పని చేసేది ఆకా, ఆకు చాటున ఉన్న మాత్రా అన్నదే నా అనుమానం. పొడపత్రికి, నేరేడు గింజకు షుగర్ తగ్గించే గుణం కొంత ఉందని చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది గానీ, మాత్రలు మానేసిన మనిషికి వారంలో 210ని 90 చేసేంత బలం ఉందని ఎక్కడా తేలలేదు. ఆ దూకుడు గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలది. మూలికల పొడి అని చెప్పి ఇవే మాత్రలు నూరి కలిపి అమ్మడం ల్యాబ్ పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. కొన్నిట్లో ఫెన్‌ఫార్మిన్ కూడా దొరికింది, రక్తంలో యాసిడ్ పెరిగి ప్రాణం మీదికొస్తోందని అమెరికాలో 1970ల్లోనే ఆపేసిన షుగర్ మందు అది. మీ పొడిలో ఏముందో ఉత్తరం చదివి చెప్పలేను గానీ ఆ చెమటలు, వణుకు మాత్రం షుగర్ పడిపోయినప్పుడు వచ్చేవే.

మళ్లీ అలా అయితే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. మింగే స్థితిలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పంచదారతో తేరుకున్నా సరే, ఇక ఫరవాలేదని ఇంట్లో కూర్చోవద్దు. గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది, కొన్ని గంటలకు షుగర్ మళ్లీ పడిపోవచ్చు. పొడి ఇవాళే ఆపేయించండి, కానీ పారేయకండి, పొట్లంతో సహా డాక్టరుకు చూపించండి. ఆపగానే షుగర్ పైకి లేస్తుంది కాబట్టి పాత మాత్రలు ఎప్పుడు, ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఆ రోజే అడిగేయండి. లివర్ పరీక్ష కూడా చేయించమనండి, కరోనా రోజుల్లో తిప్పతీగ తెగ వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న సంగతి ముంబై వైద్యులు 2021లో రాశారు. (అన్నట్టు, షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. బస్టాండు గోడల మీద రాసేవాళ్లకు ఆ సంగతి ఎవరు చెప్పాలో!)

ప్రశ్న: పొడపత్రి నమిలితే తీపి తెలియదంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నిజమే. రెండు పచ్చి ఆకులు బాగా నమిలి, చెంచాడు పంచదార నోట్లో వేసుకుని చూడండి, ఇసుక నమిలినట్టే ఉంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి. అరగంట, గంటలో మామూలే. అది నాలుక సంగతి మాత్రమే సుమా, తీపి తెలియలేదు కదా అని లడ్డూ లాగిస్తే రక్తంలో షుగర్ పెరగక మానదు.

ప్రశ్న: మెట్‌ఫార్మిన్ కెమికల్, మొక్కల మందు సహజం. సహజమైనదే మేలు కదా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మెట్‌ఫార్మిన్ పుట్టిల్లు మొక్కేనండి! గాలెగా అని, ఊదారంగు పూలు పూసే మొక్కను యూరప్‌లో నాటువైద్యులు అతిమూత్రానికి వాడేవారు. అందులోని గాలెజీన్ అనే పదార్థం షుగర్‌ను దించే మాట నిజమే, కానీ విషం కూడా, ఎక్కువ మేసిన గొర్రెలు చచ్చిపోయేవి. ఆ కోవలో ప్రమాదం తక్కువున్న మందు కోసం వెతికితే తేలింది మెట్‌ఫార్మిన్. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దాన్ని రోగులకిచ్చి 1957లో ఫలితాలు ప్రకటించాడు, అమెరికా ఒప్పుకునేసరికి 1994 అయింది. ఇప్పుడు డాక్టర్లు బాగా రాస్తున్న డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర కూడా అంతే, ఆపిల్ చెట్టు బెరడులో 1835లో దొరికిన ఫ్లోరిజిన్‌ను మార్చి మార్చి చేసిన రకం. కాబట్టి మొక్కల్లో మందు లేదని నేను అనను. మాత్ర మీద 500 మిల్లీగ్రాములని రాసి ఉంటే లోపల అంతే ఉండాలి, ఆకుపొడికి ఆ లెక్క ఎవరు చెబుతారు? నేల మారినా, కోసిన కాలం మారినా, ఎండబెట్టిన తీరు మారినా అందులో మందు మోతాదు మారిపోతుంది.

ప్రశ్న: రోజూ చెంచాడు మెంతులు నానబెట్టి తింటున్నాను. లాభం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తినండి, కానీ చెంచాడు అంటే నాలుగైదు గ్రాములే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల్లో షుగర్ తగ్గింది రోజుకు 25 గ్రాములు, అంతకుమించి ఇచ్చినప్పుడు. మెంతుల్లోని జిగురు పీచు అన్నంలోని చక్కెరను రక్తంలోకి నెమ్మదిగా వదులుతుంది కాబట్టి భోజనంతో పాటు తింటేనే ప్రయోజనం, పొద్దున్నే ఖాళీ కడుపున మింగితే కాదు. కడుపుబ్బరం రాకుండా కొద్దికొద్దిగా పెంచుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మాత్రం పెంచేముందు డాక్టరుకు చెప్పండి.