గాలానికి ఈకలు కట్టేటప్పుడు పాత నమూనానే పాటించాలా?

ఫ్లైల గురించి అడిగారు కదా, ఈకలూ వెంట్రుకలూ గాలానికి చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో చేసేవి. పాత నమూనా ఎలా ఉంటే అలాగే కట్టాలా, మనకి తోచినట్టు మార్చుకోవచ్చా అని మీ ప్రశ్న. మార్చొచ్చండి, మార్చాల్సిందే. రాజోలు పక్కన ఉంటూ అమెరికా జింక తోక వెంట్రుకలు తెప్పించుకుని, వాటి ఖరీదుకి తోడు కస్టమ్స్ కూడా కట్టి, తీరా మన పండుగప్పకి వేయడం నాకైతే శుద్ధ దండగ అనిపిస్తుంది.

సంప్రదాయం సంప్రదాయం అని గుండెలు బాదుకునేవాళ్ళు ఒకటి చూడాలి. స్కాట్లాండ్ వాళ్ళ పాతకాలం సాల్మన్ ఫ్లైల్లో చెంపల దగ్గర లక్కపూసినట్టు మెరిసే చుక్కల ఈక ఉంటుంది, అది మన దక్షిణాది అడవికోడి మెడది. విక్టోరియా రాణి రోజుల్లో ఓడల్లో ఏ దేశపు ఈకలు దిగితే వాటితో కట్టేసుకున్నారు, ఇప్పుడది శాసనమైపోయింది. ఆ పిచ్చి ఎంత దూరం వెళ్ళిందంటే, 2009లో ఇంగ్లండులో ట్రింగ్ అనే ఊరి మ్యూజియంలోంచి ఒక ఫ్లూట్ విద్యార్థి 299 పక్షుల చర్మాలు ఎత్తుకుపోయాడు. తనూ ఫ్లైలు కట్టేవాడే, మిగతా కట్టేవాళ్ళకి ఆ ఈకలు అమ్ముకున్నాడు. మీరు మాత్రం అడవికోడి జోలికి పోకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

అయినా మనకి దాంతో పనేంటి, సంక్రాంతి ఉండగా? ఒక కనుమ నాడు మా బాబాయి కోడిపందెంలో ఓడి చచ్చిన పుంజుని, అదే కోసని, పట్టుకొచ్చాడు, మంచి కాకిడేగ రకం. దాన్ని మంట మీద కాల్చేలోపే మెడ ఈకలూ, నడుం మీంచి జారే పొడుగు ఈకలూ పీకేసుకున్నాను. "ఏరా, మాంసం మాకొదిలేసి బొచ్చు నువ్వు పట్టుకుపోతున్నావా?" అని ఒకటే నవ్వు. పందెం పుంజు ఈక నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది, బిరుసుగా ఉంటుంది, బ్రాయిలర్ ఈకలా తడవగానే చతికిలబడదు.

వాటితో నేను కట్టింది క్లౌజర్ మిన్నో. పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980లలో సస్కెహానా నదిలో బాస్ చేపల కోసం కట్టిన రకం అది. తల దగ్గర బరువైన కళ్ళు ఉండటం వల్ల గాలం మొన పైకి తిరిగి నడుస్తుంది, అడుగున తట్టుకోదు. మడచెట్ల వేళ్ళ మధ్య వేసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? జింక తోకకి బదులు మేక తోక వెంట్రుకలు పెట్టాను. కళ్ళకి వంటింటి సింకు మూత గొలుసులోంచి రెండు పూసలు కత్తిరించాను (ఆ మూత ఎవరు పాడుచేశారని ఇంట్లో రెండ్రోజులు విచారణ జరిగింది). పక్కలకి కాకిడేగ ఈకలు.

కట్టి మా పిన్నికి చూపించాను. పిన్నిది నరసాపురం లేసు అల్లిన చెయ్యి. బొటనవేలి గోరుతో పూసలని ఇలా అనగానే రెండూ గిర్రున తిరిగిపోయాయి. "దారం బిగువు లేదురా, అందం తర్వాత చూసుకో" అని మొత్తం విప్పించి, పూసల మీదుగా దారం ఇటోసారి అటోసారి ఇంటూ గుర్తులా వేస్తూ, ప్రతి చుట్టుకీ లాగి పట్టి బిగించింది. ఆవిడ జన్మలో ఫ్లై చూసింది లేదు. పాతవాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇదిగో, ఈ బిగువు, ఆ కొలత, నైలాన్ దారం ముడేసే రంధ్రం దగ్గర కాస్త ఖాళీ వదలడం. ఇందులో సొంత తెలివి చూపిస్తే నాలుగు విసుర్లకే ఊడి చేతికొస్తుంది. ఈకల జాబితా మాత్రం మీ ఇష్టం.

తర్వాత గోదావరి వైనతేయ పాయలోకి మురుగుకాలువ కలిసే చోట, పాటు మొదలై నీళ్ళు సముద్రం వైపు తీయడం మొదలెట్టాక, ముందు కొన్న ఫ్లై వేశాను. ఉలుకూ పలుకూ లేదు. పిన్ని బిగించింది వేస్తే పండుగప్ప దబ్బున అందుకుంది. ఒక్క చేపతో తీర్పు చెప్పేస్తారా అంటారేమో, చెప్తానండి, చిన్న చేప కాదు మరి. మామిడికాయ వేసి పులుసు పెట్టారు.

ఇంకో సంగతి. బ్యాటరీ కరెంటు పెట్టి పిల్లచేపలతో సహా తేల్చేసేవాళ్ళనీ, రొయ్యల చెరువుల కంపు నీళ్ళు కాలువలోకి వదిలేవాళ్ళనీ ఒక్క మాట అనరు గానీ, నా ఫ్లైలో మేక వెంట్రుక కనిపిస్తే మాత్రం పెద్దమనుషులంతా పాఠాలు చెప్పడానికి తయారు. ముందు చేపలు మిగలనివ్వండయ్యా.

మీరు మొదలుపెట్టేటట్టయితే క్లౌజరే కట్టండి. ఈకలు సబ్బునీళ్ళలో కడిగి నీడన ఆరబెట్టి, కర్పూరం బిళ్ళలేసి డబ్బాలో పెట్టుకోండి, లేకపోతే పురుగు తినేస్తుంది. ఈకల కోసం బరి దాకా వెళ్ళి పోలీసులకి దొరికితే మాత్రం నా పేరు చెప్పకండి.