హెల్త్ ఈక్విటీ ప్రాజెక్టు తీసుకోవాలా?

బయోస్టాటిస్టిక్స్ (వైద్య, ఆరోగ్య గణాంకాల చదువు) ఎమ్మెస్‌కి అమెరికా వచ్చిన పిల్లలు తరచుగా అడుగుతున్నారు: "ప్రొఫెసర్ హెల్త్ ఈక్విటీ ప్రాజెక్టు ఇస్తానంటున్నారు, తీసుకుంటే ఫార్మా ఉద్యోగాలకి వెనకబడిపోతానా?" ఆ టెన్షన్ వద్దు, తీసుకోండి. ఆరోగ్యం, వైద్యం అన్ని వర్గాలకీ సమానంగా అందుతున్నాయా అని చూసే పని అది. ఓపీటీకి, అంటే చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతికి, చూసేది డిగ్రీని, ప్రాజెక్టుని కాదు. ఆ అనుమతి పొడిగింపు కోసం, మీ ఐ-20లో (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రంలో) ఉన్న కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉందో లేదో మాత్రం చూసుకోండి.

చాలామంది మొదట పట్టుకునే డేటా ఎన్‌హేన్స్. ప్రభుత్వం ఊరూరా ట్రెయిలర్లు తిప్పి, బరువు చూసి, రక్తం తీసి చేసే సర్వే అది, డౌన్‌లోడ్ ఉచితం. మన పిల్లలకి కోడింగ్ బాగా వచ్చు కాబట్టి ఫైల్ తెరవగానే మోడల్ రన్ చేసేస్తారు. అలా చేయకండి, ముందు ఏ కాలమ్‌లో ఏ నంబరు దేనికో చెప్పే కోడ్‌బుక్ చదవండి. అందులో జాతి కాలమ్ రెండు రకాలు. పాతదాంట్లో ఏషియన్ అనే కోడే లేదు; మనవాళ్లంతా 5వ నంబరు కింద, "ఇతరులు"లో కలిసిపోయారు. 2011 నుంచి కొన్నేళ్లపాటు ఏషియన్లను కావాలనే ఎక్కువమందిని ఎంచుకుని, కొత్త కాలమ్‌లో విడిగా 6వ నంబరు ఇచ్చారు. అలా ఎంచుకున్నారు కాబట్టే, వెయిట్లు (ఒక్కో మనిషి దేశంలో ఎంతమందికి లెక్కో చెప్పే అంకెలు) వేయకుండా తీసిన సగటు దేశం సగటు కాదు. ఆ వెయిట్లు వేయడానికి, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సర్వే ప్యాకేజీ మొదటి సెమిస్టర్‌లోనే నేర్చుకోండి.

ఆ 6లోనూ చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం వాళ్లు, మనం అందరం ఒక్కటే. సన్నగా ఉండే మన మేనమామకి నలభై నిండకుండానే షుగర్ ఎందుకొచ్చిందో ఆ సగటు చెప్పదు. 2010లో మొదలైన మసాలా అనే ఆరోగ్య అధ్యయనం అందుకే అవసరమైంది: షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల్లో 906 మంది దక్షిణాసియా వాళ్లతో మొదలుపెట్టారు. 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఏషియన్లకి షుగర్ పరీక్ష బీఎమ్‌ఐ (ఎత్తుతో పోల్చి బరువు చెప్పే కొలత) 25 దాకా ఆగకుండా 23 నుంచే ఆలోచించమంది. 24 ఉన్న మనిషికి పరీక్ష అందడమంటే చిన్న విషయం కాదు.

ఈక్విటీ అంటే మన గురించే అనుకోకండి. ఎవరికి ఎక్కువ వైద్య సాయం కావాలో చెప్పే ఒక కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను 2019లో పరిశోధకులు పరీక్షిస్తే, అది జబ్బుని కాకుండా ఖర్చుని అంచనా వేస్తోందని తేలింది. నల్లజాతి రోగుల మీద పెట్టిన ఖర్చే తక్కువ కాబట్టి, వాళ్ల జబ్బు తక్కువన్నట్టు లెక్కేసింది. కోడ్‌లో తప్పు లేదు, ఎంచుకున్న డేటా కాలమ్ తప్పు.

ప్రొఫెసర్‌తో మొదటి మీటింగులోనే రెండు అడగండి: ఈ డేటాలోకి రానివాళ్లెవరు, ఈ కాలమ్ నిజంగా కొలిచింది దేన్ని? జవాబు దొరక్కపోతే, డేటా పోగుచేసినవాళ్లతో మాట్లాడించమనండి.